పడవకూ ఓ మెరక కావాలి

ఫైలిన్ తుఫాను 2013 అక్టోబరు 12న తీరం దాటింది. హుద్‌హుద్ సరిగ్గా ఏడాది తిరిగేసరికి, 2014 అక్టోబరు 12న వచ్చింది. తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున విరుచుకుపడింది. మొదటిది గోపాలపూర్ దగ్గర, రెండోది విశాఖపట్నం దగ్గర, మూడోది పలాస దగ్గర. అటు గోపాలపూర్‌కూ ఇటు విశాఖకూ నడుమ ఉన్న తీరంలో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలదే. 2021లో గులాబ్ కాస్త తొందరపడి సెప్టెంబరు 26నే కళింగపట్నానికి ఉత్తరాన దిగింది. అందుకే ఈ రెండు జిల్లాల సముద్రపు పల్లెల్లో దసరా సరదా ఎంతుంటుందో, ఆకాశం కేసి చూసే చూపుల్లో గుబులూ అంతే ఉంటుంది.

విచిత్రమేమిటంటే చలి దేశాల్లోనూ పడవలున్నవాళ్లకు గుబులు పుట్టించే నెల అక్టోబరే. బాల్టిక్ తీరంలో, ఉత్తర అమెరికా సరస్సుల్లో నీళ్లు గడ్డకట్టేలోపు పడవను పైకి తీయాలి. ఇంజిన్‌లో నీటి చుక్క మిగలకుండా ఒంపెయ్యాలి. మిగిలితే అది మంచుగా ఉబ్బి ఇనుప దిమ్మెను పగలగొడుతుంది. పైన ప్లాస్టిక్ తొడిగి వసంతం దాకా యార్డులో నిలబెట్టాలి. క్రేన్లు, అద్దెలు, బీమా కంపెనీలు కలిసి అదొక పెద్ద వ్యాపారం.

మన దగ్గర మంచు బాధ లేదు. గాలి ఉంది, ఉప్పెన ఉంది, రోహిణి కార్తె ఎండ ఉంది. పడవ ఒడ్డున కూర్చునే రోజులూ తక్కువేం కావు. వేసవిలో 61 రోజుల వేట నిషేధం. ఆపైన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎప్పుడు వాయుగుండం అంటే అప్పుడు వేట బందు. ఆ రోజుల్లో మనిషి తిండికి ఎంతివ్వాలన్న చర్చ ఏటా జరుగుతుంది, జరగాలి కూడా. పడవను ఎక్కడ పెట్టాలన్న మాట మాత్రం ఏ సమీక్షా సమావేశంలోనూ చర్చకు రాదు.

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల తీరం, విజయనగరానికి దాదాపు 28. ఇచ్ఛాపురం మండలం డొంకూరు దగ్గర్నుంచి భోగాపురం మండలం ముక్కాం దాకా చూసుకుంటే పడవను నిలకడ నీటిలో కట్టేసుకునే చోటు దాదాపు లేదు. ఎదురుగా తెరిచిన సముద్రం, కాళ్ల కింద ఇసుక. కెరటం ఊపు చూసుకుని ఒడ్డుకు దూసుకురావాలి, దిగి తోసుకోవాలి. వేట నుంచి వచ్చిన ప్రతిరోజూ పడవను నీళ్లలోంచి గట్టెక్కించాల్సిందే. ఇంకో రకంగా చెప్పాలంటే, చలి దేశపు పడవ యజమాని ఏడాదికోసారి చేసే పనిని బందరువానిపేటలోనో మంచినీళ్లపేటలోనో మత్స్యకారుడు రోజూ చేస్తున్నాడు, క్రేను లేకుండా.

తెప్పల కాలంలో ఇది ఇంత బెంగ కాదు. తెప్పంటే తేలికపాటి కొయ్య దుంగలు కొన్నింటిని పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించిన కట్టు. వేట నుంచి రాగానే కట్లు విప్పేస్తారు. నీళ్లు తాగిన దుంగ బరువెక్కుతుంది. ఆరకుండా మళ్లీ కడితే తెప్ప సగం మునిగే ఉంటుంది. అందుకని దుంగల్ని విడివిడిగా ఇసుక మీద ఎండబెడతారు. గాలివాన కబురు వస్తే ఆ దుంగల్నే తలా ఒక చెయ్యి వేసి ఊళ్లోకి మోసుకుపోవచ్చు. కుట్టు పడవలదీ ఇంచుమించు ఇదే దారి. పెద్ద వలలు తీసుకెళ్లి కెరటాల అవతల వేసొచ్చే ఆ పడవల్లో మేకులుండేవి కావు. పలకకు పలకను కొబ్బరి తాడుతో కుట్టేవారు. తాడు నానుతుంది, కుళ్లుతుంది. కనుక ఎప్పటికప్పుడు కుట్లు విప్పడం, పలకలు ఆరబెట్టడం, మళ్లీ కుట్టుకోవడం తప్పేది కాదు. పాతకాలపు పడవకు దాచుకునే ఉపాయం దాని కట్టుబడిలోనే ఉండేది.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1979లో మద్రాసు కేంద్రంగా మొదలుపెట్టిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామ్ ఈ కథను మలుపు తిప్పిన వాటిలో ఒకటి. రేవు లేని తీరాల్లో నేరుగా ఇసుక మీదకు దూసుకొచ్చి ఆగగల ఇంజిన్ పడవల నమూనాలు గీసి, తూర్పు తీరంలో పరీక్షించి చూశారు. తర్వాత్తర్వాత ఫైబర్ బోట్లు వచ్చాయి, ఇప్పుడు ఒడ్డున ఎటు చూసినా ఎక్కువగా అవే. మంచి పడవలు, అందులో అనుమానం లేదు. చెదలు పట్టవు, కుళ్లవు, తెప్ప కలలో కూడా పోలేని దూరం పోతాయి. ఒక్కటే లోపం, వాటిని విప్పి మోసుకుపోలేరు. ముప్పై అడుగుల బోటు ఒట్టిదే టన్ను అటూ ఇటూ తూగుతుంది. ఇంజిను, వల, ఐసు పెట్టె ఆ బరువు మీద అదనం. పదిహేను మందికి తక్కువ చేతులు పడితే అంగుళం కదలదు.

ఆ చేతులు ఇప్పుడు ఊళ్లో ఉన్నాయా?

ఉత్తరాంధ్ర మత్స్యకార యువకుల్లో చాలామంది ఏటా రుతుపవనాలు తగ్గుముఖం పట్టగానే గుజరాత్‌లోని వెరావల్‌కో, మరో రేవుకో కలాసీలుగా వెళ్లిపోతారు. వేసవికి తిరిగొస్తారు. సొంత ఊరి ముందర పెద్ద బోటు నిలిపే చోటు లేదు కాబట్టి, పరాయి రేవులో పరాయి బోటు ఎక్కడం. 2018 నవంబరులో అలా వెరావల్ నుంచి వేటకు వెళ్లినవాళ్లే పాకిస్థాన్ అధికారులకు చిక్కారు. ఉత్తరాంధ్రకు చెందిన 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర మళ్లీ దేశంలో అడుగుపెట్టారు. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ సినిమాకు ఆధారం ఆ సంఘటనే. సినిమా చూసినవాళ్లకు జైలు గుర్తుంటుంది, ప్రేమకథ గుర్తుంటుంది. ఆ వలస వల్ల ఒడ్డున ఏం జరుగుతుందో తెర మీద చూపించే వ్యవధి ఉండదు. అక్టోబరులో తుఫాను హెచ్చరిక వచ్చిన పూట బోటును లాగాల్సిన భుజాలు వెయ్యి కిలోమీటర్ల అవతల ఉంటాయి. ఊళ్లో మిగిలిన పెద్దవాళ్లు, ఆడవాళ్లు, బడి పిల్లలు తాళ్లు పట్టుకుంటారు. ట్రాక్టరున్న ఆసామి దొరికితే అదృష్టం. ఆ ఒక్క ట్రాక్టరు కోసం ఊరంతా ఎదురుచూస్తుంది.

ఇక నిషేధం సంగతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఇంజిన్ పడవలేవీ వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమది. ఇంజిను లేని తెప్పలకు, నావలకు మినహాయింపు. 2015 నుంచి ఈ నిషేధం 61 రోజులైంది. ఆ రోజులకు ప్రభుత్వమిచ్చే భృతి గతంలో నాలుగు వేల రూపాయలుండేది, 2019లో పది వేలైంది, 2025లో ఇరవై వేలైంది. ఆ పెంపును ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఏప్రిల్ 26న ప్రారంభించింది కూడా ఎక్కడో కాదు, శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్ల మండలం బుడగట్లపాలెంలోనే. ఇరవై వేలను 61 రోజులకు పంచితే రోజుకు 328 రూపాయలు. కుటుంబం గడవడానికే అది బొటాబొటి, అందులోంచి పడవ సంరక్షణకు తీయమనడం న్యాయం కాదు.

ఆ రెండు నెలలూ పడవ ఊరికే పడి ఉంటుందని పైనుంచి చూసేవాళ్లకు అనిపిస్తుంది. నిజానికి దానికి గడ్డుకాలం అదే. ఫైబర్ పైన నున్నగా మెరిసే పూత ఉంటుంది, జెల్‌కోట్ అంటారు. రోళ్లు పగిలే ఎండకు అది ముందు వెలిసిపోతుంది, తర్వాత సుద్ద తేలుతుంది. వేలితో రాస్తే తెల్లటి పొడి అంటుకుంటుంది. పూత లేచిపోయిన చోట నీరు లోపలి గాజునారలోకి దారి చేసుకుంటుంది. పై సీజనులో పడవ పక్కల మీద పొక్కుల్లాంటి బుడిపెలు లేస్తే దాని మూలం ఆ వేసవిలోనే ఉందన్నమాట. కొబ్బరాకు పందిరి వేస్తే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. ఉద్దానం కొబ్బరి తోటలు పక్కనే ఉన్న సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు తీరాల్లో కొబ్బరాకుకు కరువు ఉండకూడదు. కానీ పందిరి వేయాలంటే గుంజలు పాతుకోవడానికి ఒక నిలకడైన జాగా ఉండాలి కదా, అలలు ఏ రాత్రి ఎక్కడిదాకా వస్తాయో తెలియని చోట పందిరి ఎవరు వేస్తారు!

వల మీద ఎండ దెబ్బ ఇంకా మోసగారిది. నైలాన్ దారం కంటికి కొత్తదానిలాగే ఉంటుంది, చేప బరువు పడ్డాక పటుక్కున తెగుతుంది. అందుకే వలను మడిచి నీడలో, నేలకు తగలకుండా అటక మీద పెట్టాలంటారు. అక్కడ ఎలుకలు కాచుకుని ఉంటాయి. ఉప్పు, చేప వాసన వదిలేలా మంచినీళ్లలో ఝాడించి ఆరబెట్టకపోతే అవి కొరికిన కన్నాలు కుట్టుకోవడానికే జూన్ సరిపోతుంది.

పడవను ఇసుకలో ఎలా కూర్చోబెట్టారన్నదీ ముఖ్యమే. అడుగు దూలం పొడవునా ఆసరా ఉండాలి. తాటి దుంగలు గానీ పాత టైర్లు గానీ మూడు చోట్ల సరిగా వేయకపోతే నడుం దగ్గర ఒంగుతుంది. ముందు భాగం కాస్త ఎత్తులో పెట్టి, వెనక అడుగున ఉండే బిరడా తీసెయ్యాలి. తీయడం మర్చిపోతే మే నెలలో ఓ సాయంత్రం పడే గాలివానకే పడవ తొట్టెలా నిండుతుంది. ఒక ఘనపు మీటరు నీరంటే టన్ను బరువు. నేల ఎగుడుదిగుడుగా ఉన్నచోట ఆ బరువు మోయడానికి కట్టిన పడవ కాదది. తమాషా ఏమిటంటే, కరీబియన్ దీవుల్లో హరికేన్ వస్తుందంటే చిన్న పడవల్లో కావాలనే నీళ్లు నింపుతారు, గాలికి ఎగిరిపోకుండా. అక్కడా ఇంజిను ముందే విప్పుతారు, చదునైన చోటే ఉంచుతారు.

ఇంజిను దగ్గరకొస్తే శత్రువు ఉప్పే. ఔట్‌బోర్డు ఇంజిను చల్లబడేది సముద్రపు నీటితోనే కనుక, వేట ఆపిన రోజున మంచినీళ్లతో కాసేపు నడిపి కడగకపోతే లోపలి సన్నటి దారుల్లో ఉప్పు గడ్డకడుతుంది. కార్బ్యురేటర్‌లో మిగిలిన ఇంధనం రెండు నెలల్లో జిగురవుతుంది. దాన్ని ఖాళీ చేయాలి. స్పార్క్ ప్లగ్ తీసి సిలిండర్‌లో కొంచెం ఆయిల్ పోసి చక్రం తిప్పి, మళ్లీ బిగించి, ఇంజినును నిలువుగా నిలబెట్టాలి. గేరు ఆయిల్ తెల్లగా పాలలా కనిపిస్తే లోపలికి నీరు దిగిందని గుర్తు. ఇదంతా పెద్ద విద్యేం కాదు, అర పూట పని. అయితే మంచినీళ్లు కావాలి. తాగడానికే బిందెలు వరస కట్టే పల్లెలో ఇంజిను కడగడానికి డ్రమ్ము నీళ్లు ఎవరిస్తారు? కొళాయి ఒకటి ఒడ్డు దాకా వేయడం మత్స్యశాఖ పనా, పంచాయతీ పనా అన్న తగువు తెగదు.

తుఫాను పూట ఈ ముచ్చట్లేవీ ఉండవు. కళింగపట్నం రేవులో ప్రమాద సూచిక ఎగరేశారన్న వార్త వచ్చేసరికి గట్టిగా ఒకటిన్నర, రెండు రోజుల వ్యవధి మిగులుతుంది. రెవెన్యూ సిబ్బంది మైకు పట్టుకుని షెల్టరుకు రమ్మంటారు. ఒడ్డున ఉన్నవాళ్లు కదలరు. “మేమొత్తాం సరే, బోటునెక్కడెట్టమంతారు బాబూ?” ఇదీ వాళ్ల ప్రశ్న. దీన్ని మొండితనం కింద రాసుకోవడం అధికారులకు తేలిక. బోటు, ఇంజిను, వలలు కలిపితే లక్షల్లో ఖరీదు, అందులో సగం అప్పు. అది కళ్ల ముందు కొట్టుకుపోతుంటే షెల్టరులో పులిహోర పొట్లం తిని పడుకోమంటే నిద్ర పడుతుందా?

కేంద్రం ప్రపంచ బ్యాంకు సాయంతో జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకాన్ని 2011లో మొదటి విడతగా ఆంధ్రప్రదేశ్, ఒడిశాల్లో చేపట్టింది. షెల్టర్లు కట్టారు, వాటికి రోడ్లు వేశారు, ఉప్పునీరు రాకుండా కట్టలు పోశారు. తుఫాను మృతుల సంఖ్య ఈ తీరంలో ఒకప్పటితో పోలిస్తే బాగా తగ్గిందంటే ముందస్తు హెచ్చరికలతో పాటు ఆ షెల్టర్లకూ పేరు దక్కాలి. ఆ పథకం మనిషిని కాపాడింది. మర్నాడు అతను షెల్టరు నుంచి తిరిగొచ్చాక చేతిలో పని మిగలాలంటే పడవను కాపాడే రెండో అడుగు పడాలి, అది ఇంకా పడలేదు.

పడకపోవడం వల్ల ఖజానాకేమైనా కలిసొస్తోందా అంటే అదీ లేదు. విపత్తు సహాయ నిధి నిబంధనల్లో పూర్తిగా దెబ్బతిన్న పడవకు 2015లో రాసిన మొత్తం 9,600 రూపాయలు. 2022లో దాన్ని 15,000 చేశారు. పూర్తిగా పోయిన వలకు 4,000. రాష్ట్రాలు తమవంతు పైన కలుపుతుంటాయి, ప్రత్యేక ప్యాకేజీలు ప్రకటిస్తుంటాయి. ఎంత కలిపినా అది కొత్త బోటు ధరకు చేరదు, ఇచ్చేవాళ్ల సొమ్మూ ప్రతి తుఫానుకూ పోతూనే ఉంటుంది. సర్వే, జాబితా, అభ్యంతరం, మళ్లీ సర్వే. పడవ బీమా ప్రీమియంలో రాయితీ ఇస్తామన్న మాట 2020 నాటి ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కాగితాల్లో ఉంది. ఒడ్డున ఇసుకలో, కాపలా లేకుండా, కట్టేసే గుంజ కూడా లేకుండా పడి ఉండే పడవకు బీమా చేయమంటే కంపెనీ ఏజెంటు మొహం ఎలా పెడతాడో ఊహించుకోవచ్చు. పడవకు ఒక చిరునామా ఉంటే ఆ బేరం కూడా తేలికవుతుంది.

హార్బరు వస్తోంది కదా అన్నది దీనికి తరచూ వినిపించే సమాధానం. బుడగట్లపాలెం ఫిషింగ్ హార్బరుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగింది, మూలపేట పోర్టుకూ అదే రోజున. హార్బరు రావాలి. వెరావల్ బాట పట్టిన కుర్రాళ్లు కొందరైనా ఇంటి దగ్గర బోటెక్కుతారు. అయితే అది మర బోట్లకు, పెద్ద బోట్లకు పనికొచ్చే చోటు. ఇద్దివానిపాలెంలో ఉన్న చిన్న ఫైబర్ బోటును తుఫాను ముందు గాలిలో అంత దూరం నడిపించుకుంటూ బుడగట్లపాలెం తీసుకెళ్లమనడం ప్రాణాలతో చెలగాటం. హార్బరైతే పడవలకు అన్నివిధాలా భద్రమన్న నమ్మకం కూడా 2023 నవంబరు 19 రాత్రి విశాఖలో కాలిపోయింది. ఒకదాన్నొకటి ఆనుకుని కట్టిన మర బోట్లలో ఒకదానికి అంటుకున్న నిప్పు ముప్పైకి పైగా బోట్లను మసి చేసింది. ప్రభుత్వం నష్టంలో 80 శాతం భరిస్తామని ప్రకటించాల్సి వచ్చింది.

హార్బరుతో ఇంకో చిక్కుంది, దాన్ని ఉత్తరాన ఉండే ఊళ్లు భరించాలి. మన తీరంలో కెరటాలు ఏడాదిలో ఎక్కువ కాలం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నెట్టుకుపోతుంటాయి. నడుమ రాళ్ల గోడ అడ్డం కడితే దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోసుకుపోతుంది. విశాఖ పోర్టు గోడలు కట్టాక ఆర్కే బీచ్‌కు తవ్విన ఇసుకను పోస్తూ రావాల్సి వస్తున్నది ఇందుకే. రాష్ట్ర తీరంలో నాలుగో వంతుకు పైగా కోతకు గురవుతోందని చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం లెక్క తేల్చింది. ముక్కాంలో ఇళ్లే సముద్రంలో కలిసిపోయాయి. ఇల్లు పోయిన చోట పడవ పెట్టుకునే జాగా మాత్రం మిగులుతుందా? హార్బరు కట్టేటప్పుడే ఉత్తరపు ఊళ్ల ఒడ్డుకు ఇసుక తిరిగి పోసే ఖర్చును అంచనాల్లో రాసుకోకపోతే, ఒక ఊరికి మేలు చేసి నాలుగు ఊళ్ల పడవల్ని రోడ్డున పడేసినట్టే.

హార్బరు లేకుండా బతికే పడవల ఊళ్లు ప్రపంచంలో లేకపోలేదు. ఇంగ్లండ్ దక్షిణ తీరంలో హేస్టింగ్స్ ఉంది. అక్కడి గులకరాళ్ల ఒడ్డును ‘స్టేడ్’ అంటారు. ఐరోపాలో ఒడ్డు నుంచే నీళ్లలోకి దింపే పడవలు అన్నిటికన్నా ఎక్కువున్న చోటు అదేనంటారు. హార్బరు కట్టబోయారు, సముద్రం నిలవనివ్వలేదు. వాళ్లు ఒడ్డునే సర్దుకున్నారు. బరువైన పడవల్ని వించిలతో, బుల్డోజర్లతో పైకి లాగుతారు. వలలు, తాళ్లు దాచుకోవడానికి తారు పూసిన నల్లటి చెక్క గదులున్నాయి. జాగా తక్కువ కాబట్టి వాటిని వెడల్పు తగ్గించి పైకి రెండు మూడంతస్తులు లేపారు, ఒక్కో గది మనిషి ఎత్తుకు నాలుగైదింతలుంటుంది. ఇప్పుడవి యాత్రికులు ఫోటోలు తీసుకునే వింతలయ్యాయి. మనకు అందులో పనికొచ్చేది నల్ల గదుల అందం కాదు, ఆ ఒడ్డు మీద మత్స్యకారులకు తరతరాలుగా చెల్లుబాటవుతున్న హక్కు. ఆ స్థలంలో పడవ నిలపడానికి వాళ్లు ఎవర్నీ అడగక్కర్లేదు.

మన చట్టం ఇందుకు అడ్డమా అంటే, కాదు. 2011 నాటి తీర నియంత్రణ మండలి నోటిఫికేషన్ నిర్మాణాలు నిషేధించిన మేరలో కూడా స్థానిక మత్స్యకారుల అవసరాలను మినహాయించింది. చేపలు ఎండబెట్టే కళ్లాలు, వలలు బాగుచేసుకునే చోట్లు, సంప్రదాయ పడవలు కట్టే యార్డులు, వేలం పాకలు అందులో పేరుపేరునా ఉన్నాయి. రిసార్టుకు లేని వీలు పడవకుంది. ఉన్న వీలును వాడుకోవాలంటే ఆ స్థలం ఏదో రెవెన్యూ రికార్డులో గీత గీసి చూపించాలి. తీరంలో చాలా చోట్ల పడవలు నిలిపే ఇసుక ప్రభుత్వ పోరంబోకే. తాతల నాటి నుంచి వాడుకుంటున్నా కాగితం లేదు. రేపు అక్కడ బీచ్ పార్కు అన్నా, రొయ్యల హేచరీ పైపులైను అన్నా, పడవలే పక్కకు జరగాలి.

పడవకు కావాల్సింది ఉప్పెన అందని ఓ మెరక. అయితే మెరక అంటే ఎక్కడో ఎత్తు చూసి చదును చేసేయడం కాదు. ఈ తీరంలో మొగలి పొదలు, సరుగుడు తోటలు పట్టుకున్న ఇసుక దిబ్బలున్నాయి. ఉప్పెనకు మొదటి గోడ అవే. పడవల కోసం వాటినే పడగొడితే ఊరికి వీపు మీద దెబ్బ. దిబ్బకు వెనక చోటు చూసుకోవాలి, అక్కడికి దారిని నిటారుగా కాకుండా ఏటవాలుగా తీయాలి, లేకపోతే ఉప్పెన నీరు అదే దారిన సూటిగా లోపలికి దూకుతుంది. సరుగుడు చెట్లకు కట్టేద్దామనుకుంటే తిత్లీ రాత్రి ఉద్దానంలో చెట్లెలా కూలిపోయాయో అందరూ చూశారు. నేలలో లోతుగా పాతిన సిమెంటు దిమ్మెలు, వాటికి ఇనుప కడియాలు, చేత్తో తిప్పే వించి ఒకటి, తాటి దుంగలో గాలి నింపే రోలర్లో కొన్ని, మంచినీళ్ల కొళాయి, వలలకూ ఇంజిన్లకూ ఒక పెద్ద గది. పడవకూ పడవకూ మధ్య మనిషి నడిచేంత సందు ఉండాలి, విశాఖ గుర్తుంటే. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఇదే ఒడ్డుకు వస్తాయి కనుక సముద్రం వైపు దీపాలు వద్దు. ఈ జాబితాలో విదేశాల నుంచి తెప్పించాల్సిన వస్తువు ఒక్కటీ లేదు.

వించి గురించి ఓ మాట ఎక్కువ చెప్పుకోవాలి. పదిహేను మంది చేయి వేయాల్సిన పనిని అది ఇద్దరు ముగ్గురికి దించుతుంది. కుర్రాళ్లు వెరావల్‌లో ఉన్న ఊళ్లో ఇది సౌకర్యం కాదు, అవసరం. బోట్లకు, ఇంజిన్లకు రాయితీలిచ్చిన పథకాలు ఎన్నో వచ్చాయి. ఆ బోట్లను ఒడ్డుకు లాగే సాధనం మీద ఆ శ్రద్ధ కనబడదు. ఇచ్చిన పడవను కాపాడుకునే సరంజామా ఇవ్వకపోవడం వల్ల ప్రభుత్వం తన రాయితీనే ప్రతి తుఫానుకూ కొంత కొంత సముద్రంలో పారబోసుకుంటోంది.

మొదలుపెట్టడానికి విజయనగరం జిల్లా అనువైనది. సముద్రం తగిలేది పూసపాటిరేగ, భోగాపురం, రెండే మండలాలు. చింతపల్లి నుంచి ముక్కాం దాకా ఉన్న ఊళ్లను ఒక కలెక్టరు రెండు రోజుల్లో చుట్టి రావొచ్చు. హుద్‌హుద్‌కు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊళ్లో పెద్దవాళ్లు చెట్టు పేరు చెప్పి చూపిస్తారు; ఆ గీతకు పైన స్థలం ఎంచడం గ్రామసభకు వదిలేయాలి, తహసీల్దారు దాన్ని మత్స్యకారుల ఉమ్మడి స్థలంగా రికార్డుకెక్కించాలి. వేట లేని రెండు నెలలూ మట్టి పని, దిమ్మెలు పాతే పని ఆ ఊరివాళ్లకే కూలికిస్తే భృతికి తోడు నాలుగు రూపాయలు ఇంటికొస్తాయి. నిర్వహణ మత్స్యకార సహకార సంఘం చూసుకుంటుంది, వించికి గ్రీజు ఖర్చు పడవకింత అని వేసుకుంటుంది. వించి గది తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్న తగువు మాత్రం తప్పదు, దాన్ని ఊరే తేల్చుకోవాలి.